పాత మియాటాకు కొత్త చక్రాలు: 14 అంగుళాల నుంచి 15కి మారిన నా అనుభవం

నా దగ్గరున్నది 1995 మోడల్ మాజ్డా మియాటా. రెండు సీట్లు, తీయగలిగే టాపు, 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. ఇంజిన్ ముందుంటుంది, బండిని నడిపేది వెనక చక్రాలు. దీనికి చక్రాలు, టైర్లు మార్చే పని 2025 ఫిబ్రవరిలో మొదలుపెడితే మే నెలలో పూర్తయింది. పదిహేను వందల డాలర్ల పైన ఖర్చయింది. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్‌లో మేముండే చుట్టుపక్కల ఇలాంటి పాత కార్లు కొన్న తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లు అడిగేది ఒకటే: ఏ సైజు వేయించావు, ఎందుకు? అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక సాయంత్రం సన్నగా వాన. హైవే 400 దిగే మలుపులో కారు వెనక భాగం పక్కకు జారింది. స్పీడు ఎక్కువేం కాదు. స్టీరింగ్ ఎదురు తిప్పి సర్దుకున్నాను, పక్కన ఇంకో బండి లేదు కాబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చాక కూడా గుండె దడ తగ్గలేదు. టార్చి లైటు పట్టుకుని నాలుగు టైర్లూ చూశాను. ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాళ్ల పొర, నాలుగింటికీ బాగానే ఉంది. తేడా ఉన్నది తయారీ తేదీలో. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా ముందు టైర్ల మీద 0819 అని ఉంది, వెనక టైర్ల మీద 2216. అంటే వెనకవి 2016 మే నెలాఖరు నాటివి. గోరుతో నొక్కితే రబ్బరు కాదు, గట్టి ప్లాస్టిక్ అనిపించింది.

ఆ ఆదివారం నాన్నతో ఫోన్‌లో ఈ మాట చెప్పాను. ఆయన గుంటూరులో చాలా ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు. అదీ వెనక చక్రాలతో నడిచే బండే. నేను ఇంజిన్ గురించీ బ్రేకుల గురించీ చెబుతుంటే మధ్యలో ఆపి, "ముందు మంచి టైర్లు రెండూ వెనక్కి మార్చు నాన్నా. బండిని తోసేవి అవే, దారి తప్పించేవీ అవే. తర్వాత తీరిగ్గా కొత్తవి చూసుకుందువు గానీ" అన్నారు. ఆ సాయంత్రమే జాకీ పెట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను. కొత్తవి వచ్చేదాకా వానలో బండి తీయలేదు. ముందు టైరు జారితే బండి నేరుగా పోతుంది, బ్రేకు వేసి కాస్త అదుపు చేసుకోవచ్చు. వెనక టైరు జారితే మాత్రం బండే తిరిగిపోతుంది. పాత రియర్ వీల్ డ్రైవ్ కారు కొన్నవాళ్లు మొదటి రోజే నాలుగు టైర్ల తేదీలూ చదవాలని గట్టిగా చెబుతాను.

అసలు చిక్కు కొత్త టైర్లు వెతకడం మొదలుపెట్టాక ఎదురైంది. ఈ కారుతో కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్14. రిమ్ము 14 అంగుళాలు, వెడల్పు ఐదున్నర అంగుళాలు. తొంభైలలో ఇది మామూలు సైజు. ఇప్పుడు 14 అంగుళాల టైర్లు దొరుకుతాయి కానీ చాలావరకు అన్ని కాలాలకూ పనికొచ్చే సాదా రకాలే. తడి రోడ్డు మీద బాగా పట్టేవి, మలుపుల్లో నమ్మదగినవి వెతికితే జాబితా రెండు మూడు పేర్లకే అయిపోతోంది. మా ఊళ్లో ఒక షాపులో అడిగితే అసలు స్టాకు లేదు, తెప్పించాలన్నారు. డాలోనిగా మీదుగా నీల్స్ గ్యాప్ వైపు కొండ రోడ్ల మీద నడపడం కోసమే కొన్న కారు ఇది. రాజీ పడాలనిపించలేదు. ఇక్కడే నా పద్ధతి మారింది. ముందు చక్రం అందం చూసి తర్వాత టైరు వెతకడం కాదు, మంచి టైర్లు ఏ సైజులో విరివిగా దొరుకుతున్నాయో చూసి దానికి తగిన చక్రం కొనాలి. అలా చూస్తే 15 అంగుళాల్లో 195/50, 205/50 రెండింటికీ చాలా రకాలు ఉన్నాయి.

లెక్క కష్టమేం కాదు, నోట్‌బుక్కులో వేసుకున్నాను. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే సైడ్‌వాల్ (రిమ్ము నుంచి ట్రెడ్ దాకా ఉండే టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 111. కింద ఒకటి, పైన ఒకటి కలిపి 222. రిమ్ము 14 అంగుళాలంటే 355.6. మొత్తం టైరు ఎత్తు 577.6 మి.మీ. అదే 195/50 ఆర్15కు లెక్క వేస్తే 576 వచ్చింది. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు. స్పీడోమీటర్ తప్పు చూపించదు, గేర్ల తీరు మారదు. 205/50 ఆర్15కు 586, అంటే సుమారు ఒకటిన్నర శాతం పెద్దది. మీటరు 60 మైళ్లు చూపిస్తే అసలు స్పీడు 61కి దగ్గరగా ఉంటుంది.

లెక్కలు వేస్తున్న రోజుల్లోనే మా బావమరిది వచ్చాడు. వాడికి 17 అంగుళాల చక్రాల మీద మోజు. "బావా, పెద్ద చక్రాలేస్తే కారు రూపే మారిపోతుంది" అని ఫోటోలు చూపించాడు. నిజంగానే బాగున్నాయి, నాకూ ఒక రాత్రంతా మనసు లాగింది. మర్నాడు కాగితం మీద పెట్టి చూశాను. 205/40 ఆర్17 వేస్తే మొత్తం ఎత్తు మూడు శాతం పెరుగుతుంది, సైడ్‌వాల్ మాత్రం 111 నుంచి 82 మి.మీ.కి పడిపోతుంది. గతుకు వచ్చినప్పుడు ముందు నలిగేది ఆ రబ్బరే. ఈ కారు బరువు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంత తేలిక బండికి చక్రం బరువెక్కితే ప్రతి గతుకూ సీటు దాకా వస్తుంది, స్ప్రింగులు పనిచేయడానికి చోటు ఉండదు. పైగా 128 హార్స్‌పవర్ ఇంజిన్ ఆ బరువునంతా తిప్పాలి. వాడు నొచ్చుకున్నాడు కానీ లెక్క చూశాక ఒప్పుకున్నాడు.

నన్ను నిశ్చింతగా 15 అంగుళాల వైపు తిప్పింది ఇంకొకటి. 1999 మోడల్‌గా ఈ కారు రెండో తరం వచ్చినప్పుడు మాజ్డా కంపెనీయే కొన్ని రకాలకు 15 అంగుళాల చక్రం, దానిమీద 195/50 టైరు ఇచ్చింది. ఆ కారు అడుగు భాగం చాలామటుకు నా కారు లాంటిదే. తయారుచేసినవాళ్లే ఆ దారిలో వెళ్లారంటే నేను కొత్తగా ప్రయోగం చేస్తున్నట్టు కాదు.

ఇక 195 కావాలా 205 కావాలా అన్నదాని మీద చాలా సతమతమయ్యాను. 205 వేస్తే పట్టు ఇంకొంచెం ఎక్కువ, టైరు రిమ్ము మీద నిండుగా కూర్చుంటుంది, రకాలూ ఎక్కువ. కానీ నా కారుకు పవర్ స్టీరింగ్ లేదు. గుడి పార్కింగులో, ఇండియన్ స్టోర్ల ముందు ఇరుకు చోట్లలో చేతులతో తిప్పేది నేనే. వెడల్పు పెరిగినకొద్దీ ఆ పని బరువవుతుంది. 205 వేసుకున్న ఒకాయన కారు మార్చి 8న ఓ అరగంట నడిపి చూశాను. మలుపుల్లో అద్భుతంగా ఉంది, పార్కింగులో మాత్రం భుజం నొప్పి పుట్టింది. ఇంకోటి కూడా గమనించాను. లారీ చక్రాలతో గాడులు పడ్డ రోడ్డు మీద ఆ బండి తన దారిన తను లాగుతోంది. ఇంటికి వచ్చేలోపే 195 అని తేల్చుకున్నాను. వెనక వెడల్పు, ముందు సన్నం అనే ఆలోచన అసలు పెట్టుకోలేదు. ఈ కారు ముందూ వెనకా బరువు దాదాపు సమానంగా ఉంటుంది. వెనక ఒక్కటే వెడల్పు చేస్తే మలుపులో ముక్కు తిరగనని మొరాయిస్తుంది, టైర్లు ముందుకూ వెనక్కూ మార్చుకునే వీలూ పోతుంది.

టైరు తేలాక చక్రం. మొదట రెండో తరం మియాటా వాడిన చక్రాలే కొందామనుకున్నాను. అవి 15 అంగుళాలు, ఆరు అంగుళాల వెడల్పు, నా కారు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీద నేరుగా కూర్చుంటాయి, పాత నట్లే సరిపోతాయి. మార్చి 15న గెయిన్స్‌విల్ దగ్గర ఒకతను నాలుగూ కలిపి 280 డాలర్లకు అమ్ముతున్నాడంటే వెళ్లాను. పైనుంచి చూస్తే మెరుస్తున్నాయి. తిరగేసి లోపలి అంచు వెంట వేలు పెట్టి రాస్తే ఒకదానికి చిన్న వంపు తగిలింది. నేల మీద దొర్లిస్తే అది ఊగుతోంది కూడా. సరిచేయించే ఖర్చు, ఆ తర్వాత దాన్ని నమ్మడం, రెండూ నావల్ల కాదనిపించి వచ్చేశాను. పాత చక్రాలు కొనేటప్పుడు లోపలి వైపు చూడకుండా డబ్బులివ్వకండి. గుంతలో పడ్డ దెబ్బ కనిపించేది అటువైపే.

కొత్తవి కొనాలంటే ఆఫ్‌సెట్ అర్థం చేసుకోవాల్సి వచ్చింది. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్య గీత గీస్తే, హబ్‌కు ఆనుకునే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ప్లస్ అంకె పెద్దదైతే చక్రం కారు లోపలికి, చిన్నదైతే బయటికి జరుగుతుంది. నా పాత చక్రం ఐదున్నర అంగుళాలు, ప్లస్ 45. నేను చూస్తున్నది ఏడు అంగుళాలు, ప్లస్ 35. లెక్క వేస్తే పాతదానికంటే లోపలి వైపు 9 మి.మీ., బయటి వైపు 29 మి.మీ. ఎక్కువ వస్తుంది. ఈ రెండు అంకెలూ పట్టుకుని కారు కింద దూరాను. లోపల ఆ 9 మి.మీ.కి చోటు సుఖంగా ఉంది. బయట, వెనక ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచుకు స్కేలు ఆనించి, ఒకసారి కారు ఎత్తి, ఇంకోసారి ఇద్దరిని కూర్చోబెట్టి కొలిచాను. కారు ఎత్తు తగ్గించకుండా ఉంటే తగలదని నమ్మకం కుదిరింది. అదే ఆఫ్‌సెట్ ప్లస్ 25 అయితే ఇంకో 10 మి.మీ. బయటికి వచ్చేది. అప్పుడు ఫెండర్ అంచు మడవాలి. ముప్పై ఏళ్ల రేకును, ముప్పై ఏళ్ల పెయింటును అలా వంచడానికి నాకు మనసొప్పలేదు.

మార్చి 17న ఆర్డర్ పెట్టాను. నాలుగు చక్రాలు, పన్నుతో కలిపి 760 డాలర్లు. ఆ అమ్మకందారు సైటులో వారంలో పంపుతామని రాసి ఉంది. వారం దాటాక ఫోన్ చేస్తే స్టాకు అయిపోయిందనీ, ఇంకా రావాలనీ చెప్పారు. డబ్బు వెనక్కి తీసుకోవచ్చని కూడా అన్నారు. వద్దు, ఆగుతానన్నాను. ఏప్రిల్ మొదటి వారం అట్లాంటాలో వాతావరణం ఎంత బాగుంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. టాపు తీసి తిరగాల్సిన రోజుల్లో కారు గరాజ్‌లో కూర్చుంటే రోజూ దాన్ని చూసి దిగులేసేది. ఏప్రిల్ 9న పెట్టెలు వచ్చాయి.

టైరు ఎక్కించక ముందే ఉత్త చక్రం కారుకు బిగించి చూడండి. ఒకసారి టైరు ఎక్కిందంటే అమ్మినవాళ్లు చక్రం వెనక్కి తీసుకోరు. నేను ముందొకటి, వెనకొకటి పెట్టి చేత్తో తిప్పాను, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. బ్రేకు కాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టుకునే భాగం) తగల్లేదు. కానీ రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, నట్ల రంధ్రాలు ఇరుకు. నా పాత నట్ల మర సరిపోయింది, 12 మి.మీ., 1.5 పిచ్. కోను వాలూ సరిపోయింది. కానీ నట్లు తిప్పే 21 మి.మీ. సాకెట్ ఆ రంధ్రంలోకి దిగడం లేదు. సన్నటి తలవి 16 నట్లు విడిగా కొన్నాను, 46 డాలర్లు. రెండోది హబ్ రింగులు. ఈ చక్రాలు రకరకాల కార్లకు సరిపోవాలని మధ్య రంధ్రం 73.1 మి.మీ. పెట్టారు. మియాటా హబ్ 54.1. ఆ మధ్య ఖాళీని నింపే రింగు ఉంటే బిగించేటప్పుడు చక్రం సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. చక్రాలతో పాటే తెప్పించిన రింగుల లోపలి కొలత చూస్తే 56.1. అది హోండాలకు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, హబ్ మీద పెడితే వదులుగా ఆడింది. సరైనవి రావడానికి ఏప్రిల్ 17 అయింది, 24 డాలర్లు.

టైర్ల విషయంలో మొదట వెళ్లిన షాపులో కుర్రాడు కంప్యూటర్ చూసి, ఈ కారుకు 185/60 ఆర్14 తప్ప వేరేది వేయము అన్నాడు. నాకు కోపం రాలేదు. వాళ్ల బాధ్యత వాళ్లది. వాళ్లు నిజంగా చూసేది టైరు మోయగల బరువు. పాత టైరు మీద 82 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. 195/50 ఆర్15 మీదా అదే 82. ఈ మాట చెప్పినా ఆ షాపు ఒప్పుకోలేదు. రెండో షాపు మేనేజరు డోర్ స్టిక్కర్, కొత్త టైరు అంకెలు పక్కపక్కన చూసి సరేనన్నాడు. ఈ టైరుకు ఏడు అంగుళాల రిమ్ము అనుమతించిన వెడల్పులో చిట్టచివరిదని కూడా ఆయనే గుర్తుచేశాడు. దానివల్ల సైడ్‌వాల్ నిటారుగా నిలబడుతుంది, రిమ్ము అంచుకు రక్షణ తక్కువ, ఫుట్‌పాత్ అంచుకు గీరకుండా చూసుకోమన్నాడు. ఏప్రిల్ 19న ఆర్డర్ ఇచ్చాం, 24కి వచ్చాయి. నాలుగూ 448 డాలర్లు. పాత సరుకు వద్దని ముందే చెప్పాను. వచ్చినవాటి మీద 0625 అని ఉంది. చూసి ప్రాణం కుదుటపడింది.

ఏప్రిల్ 26 శనివారం పొద్దున ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్. చక్రాలు కారులో పట్టవు, మా ఆవిడ వ్యాన్‌లో వేసుకుని వెనకాలే వచ్చింది. ఎక్కించడం, బ్యాలెన్సింగ్, పాత టైర్లు పారేయడం కలిపి 100 డాలర్లు. బిల్లులో టైరు ప్రెజర్ సెన్సార్ల సర్వీసు కూడా కలిపారు. ఈ కారుకు అవి లేవని చెబితే తీసేశారు. పాత కారు ఉన్నవాళ్లు ఆ గీత చూసుకోవాలి. నట్లు గన్‌తో కాకుండా చేతి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుగా తిప్పుతున్నామో చూపించే రెంచ్) 80 ఫుట్ పౌండ్లకు బిగించమని అడిగాను, నవ్వుతూ సరేనని అలాగే చేశారు.

గాలి మాత్రం ఎవరూ అడక్కుండానే 35 పెట్టేశారు. ఇది చాలా షాపుల్లో అలవాటుగా జరిగిపోయే పని. మియాటా డోర్ మీద రాసింది 26 పీఎస్ఐ. ఇంత తక్కువా అని చాలామంది నమ్మరు, కానీ ఇది తేలిక బండి. షాపు నుంచి బయటికి రాగానే కారు బంతిలా ఎగురుతోంది. ఇంత ఖర్చు పెట్టి కారును పాడుచేసుకున్నానా అని ఇంటికి వచ్చేదాకా టెన్షన్. టైర్లు చల్లబడ్డాక 28కి దించాను, తర్వాతి వారం 27కి. అంతే, అది నా కారే.

కొత్త టైరు పైపొర మొదట్లో జారుతుంది కాబట్టి కొన్నాళ్లు నెమ్మదిగా నడిపాను. 50 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ చూసుకున్నాను. వెనక ఎడమ చక్రంలో ఒకటి కొంచెం తిరిగింది, మిగతావి కదల్లేదు. కొత్త అలాయ్ చక్రాలకు ఇది మామూలే, కానీ చూడకపోతే మామూలు కాదు.

చివరి పని అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉండేలా సర్దడం. మియాటాకు ముందూ వెనకా నాలుగు చక్రాలకూ సర్దుబాటు ఉంటుంది, ఒక్కో దగ్గర మధ్య తప్పిన బిళ్ల ఉన్న బోల్టు తిప్పి సరిచేస్తారు. మే 3న తీసుకెళ్తే వెనక కుడివైపు బోల్టు అది దూరే బుష్‌లో (రబ్బరు గొట్టం) తుప్పు పట్టి కదలనంది. మెకానిక్ బలవంతం చేయకుండా, నూనె వేసి వారం ఆగి రమ్మన్నాడు. రోజూ సాయంత్రం నేనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. మే 10న వేడిచేసి కదిలించాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కొలతలు తీశాడు, ఇంత తేలిక కారులో మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుందట. 130 డాలర్లు, బోల్టు తంటాకు ఇంకో 40.

ఆ మర్నాడు వాన పడింది. అదే మలుపులో, కావాలనే, అదే స్పీడులో దిగాను. వెనక చక్రాలు రోడ్డును పట్టుకున్న తీరు సీటులోంచి తెలుస్తోంది. తర్వాత వారం డాలోనిగా నుంచి సూచెస్ వెళ్లే 60 నంబరు రోడ్డు మీద నడిపినప్పుడు స్టీరింగ్ ఇంకాస్త సూటిగా పలికింది, గతుకుల్లో మాత్రం పాత 14 కంటే కొంచెం గట్టిగా ఉంది. ఆ తేడా నాకు సమ్మతమే. రోజూ ఆఫీసుకు గతుకుల రోడ్డులో వెళ్లేవాళ్లయితే 14లోనే మంచి టైరు వెతుక్కోమంటాను.

అంతా కలిపి 1,548 డాలర్లు. స్టెప్నీ గురించి ఒక మాట. డిక్కీలో ఉన్నది 14 అంగుళాల సన్నటి తాత్కాలిక టైరు, అది పాత నట్లతోనే బిగించాలి. అందుకే నాలుగు పాత నట్లు, 21 సాకెట్ ఒక సంచిలో వేసి దాని పక్కనే పెట్టాను. దాని మీదున్న తేదీ కూడా చదివాను. అది కారుతో పాటే వచ్చింది, 1995 నాటిది. దాన్ని మార్చే పని ఇప్పుడు మొదలుపెట్టాను.